సీటు దొరికింది, మంచం ఎక్కడ? హైదరాబాద్‌లో మన పిల్లల హాస్టల్ లెక్క

ప్రతి ఏడాదీ ఇదే వరుస. ఎప్‌సెట్ కౌన్సెలింగ్, దోస్త్ అలాట్‌మెంట్లు, పీజీ ఎంట్రెన్స్‌లు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నిజామాబాద్‌లోనో, మహబూబ్‌నగర్‌లోనో, కర్నూలులోనో ఒక ఇంట్లో ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. హైదరాబాద్‌లో సీటు వచ్చింది. మిఠాయి పంచుతారు, బంధువులు ముబారక్ చెబుతారు. మరుసటి రోజు నుంచి అదే ఇంట్లో ఇంకో ప్రశ్న మొదలవుతుంది. పిల్ల ఎక్కడ ఉంటుంది? నెలకు ఎంత అవుతుంది?

చదువు ఖర్చు అనగానే మనకు ఇప్పటికీ ఫీజే గుర్తుకొస్తుంది. కానీ జిల్లాల నుంచి హైదరాబాద్‌కు వచ్చే పిల్లలకు ఇప్పుడు పెద్ద ఖర్చు ఉండటం, తినడం, తిరగడం. సర్కారు పథకాలు ఎక్కువగా ఫీజు చుట్టూ తిరుగుతున్నాయి. మన జమాతులు, సొసైటీలు చేసే సాయం కూడా చాలావరకు ఫీజు దగ్గరే ఆగిపోతుంది. మంచం ఖర్చు మాత్రం అమ్మానాన్నల మీద పడుతుంది. వాళ్లు మోయలేకపోతే సీటు ఉన్నా పిల్ల ఇంటికి తిరిగి వచ్చేస్తుంది. అందుకే ఈ లెక్క ఒకసారి కూర్చుని వేసుకోవాలి.

ముందు ఖర్చు చూద్దాం

అమీర్‌పేట, ఎస్సార్ నగర్, దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో నలుగురైదుగురు ఉండే గదిలో ఒక మంచానికి, మూడు పూటల భోజనంతో కలిపి, నెలకు సుమారు 5,500 నుంచి 7,500 రూపాయల దాకా అడుగుతున్నారు. ఇద్దరే ఉండే గది కావాలంటే 8,000 దాటుతుంది. మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళ్తే ఇంకా పైకే. సందును బట్టి, బిల్డింగ్‌ను బట్టి రేటు మారుతుంది. అయితే 5,000 లోపు శుభ్రమైన చోటు దొరకాలంటే చాలా తిరగాలి.

మధ్యస్థంగా నెలకు 6,500 అనుకుందాం. పది నెలలకు 65,000. చేరేటప్పుడు అడ్వాన్స్ కట్టాలి, అందులోంచి 'మెయింటెనెన్స్' పేరుతో కొంత కోసుకుని మిగతాదే తిరిగి ఇస్తారు. దీనికి పరుపు, బకెట్, బస్ పాస్, పండగలకు ఊరికి రానూపోనూ, పుస్తకాలు, జిరాక్స్, మొబైల్ రీచార్జ్ కలపండి. ఎంత పొదుపుగా ఉన్నా ఏడాదికి 80,000 దాటుతుంది.

ఇప్పుడు ఇంటి వైపు చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం తెలంగాణలో మైనారిటీ, బీసీ కుటుంబాలకు ఉన్న ఆదాయ పరిమితి గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు. అంటే ఈ పథకానికి అర్హత ఉన్న పట్టణ కుటుంబం సంపాదన, సర్కారు కాగితం ప్రకారం, నెలకు 16,700 కూడా దాటదు. అందులో 6,500 ఒక్క పిల్ల హాస్టల్‌కే పోతే మిగిలేది 10,000 చిల్లర. ఇంటి కిరాయి, బియ్యం, కరెంటు, దవాఖానా, మిగతా పిల్లల స్కూలు అన్నీ అందులోనే. గ్రామంలో లక్షన్నర సంపాదన ఉన్న ఇంటికి నెలకు వచ్చేది 12,500. అక్కడ హాస్టల్ ఒక్కటే సగానికి పైగా తినేస్తుంది.

ఇంకో పోలిక. ఇంజినీరింగ్‌లో రీయింబర్స్‌మెంట్ కింద చాలామందికి వచ్చేది ఏడాదికి 35,000. అదే విద్యార్థి హాస్టల్‌కు కట్టేది 65,000. సర్కారు భరించే ఫీజు కంటే ఇంట్లో వాళ్లు భరించే మంచం దాదాపు రెట్టింపు ఖరీదు. ఆ 35,000 కూడా టైముకు రావడం లేదు. బకాయిలు ఇవ్వాలని 2025 నవంబర్ మొదటి వారంలో తెలంగాణలో ప్రైవేటు ప్రొఫెషనల్ కాలేజీలు బంద్ చేసిన సంగతి తెలిసిందే. సర్కారు నుంచి డబ్బు రాకపోతే కాలేజీలు పిల్లలనే కట్టమంటాయి, లేదంటే సర్టిఫికెట్ల దగ్గర పేచీ పెడతాయి. హాస్టల్ కోసం దాచిన డబ్బు ఫీజుకు పోతుంది. అప్పుడు హాస్టల్ మాలిక్ ముందు తలవంచాల్సి వస్తుంది.

స్కాలర్‌షిప్‌తో ఎన్ని రోజులు?

మైనారిటీ విద్యార్థుల కోసం కేంద్రం తెచ్చిన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో మామూలు డిగ్రీ, పీజీ చదివే హాస్టలర్‌కు నిర్ణయించిన మెయింటెనెన్స్ రేటు నెలకు 570 రూపాయలు. హాస్టల్‌లో లేకుండా ఇంటి నుంచి వెళ్లేవాళ్లకు 300. టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సుల కోసం ఉన్న మెరిట్ కమ్ మీన్స్ పథకంలో హాస్టలర్‌కు నెలకు 1,000. నెలకు 6,500 కట్టే హాస్టల్‌లో 570 రూపాయలకు రెండున్నర రోజులు ఉండొచ్చు. వెయ్యి రూపాయలకు నాలుగున్నర రోజులు. మిగతా రోజుల సంగతి ఆ పథకానికి తెలియదు.

పరిశోధన చేసే మన పిల్లలకు కాస్త ఊపిరి ఇచ్చిన మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబర్‌లో పార్లమెంటులో చెప్పింది. పీహెచ్‌డీ చేసేవాడికి ఫెలోషిప్ అంటే గది కిరాయి, అన్నం కూడా. ఆ దారి కొత్తవాళ్లకు మూసుకుపోయింది.

అసలు ఖర్చు ఎంతో సర్కారుకు తెలియదా అంటే, తెలుసు. తెలంగాణ ప్రభుత్వం 2024 చివర్లో తన సంక్షేమ హాస్టళ్లు, గురుకులాల డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా ఒక్కో విద్యార్థికి నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. ఇది ఒట్టి భోజనం లెక్క. సొంత బిల్డింగ్, సొంత స్టాఫ్ ఉండి, హోల్‌సేల్‌గా సరుకులు కొనే సర్కారే తిండికి 2,100 కావాలని ఒప్పుకుంది. మరి బయట గదిలో ఉండి, బయట తినే విద్యార్థికి 570 ఎలా సరిపోతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో 2020లో జగనన్న వసతి దీవెన మొదలైంది. డిగ్రీ, ఆ పై చదువులకు ఏడాదికి 20,000, పాలిటెక్నిక్‌కు 15,000, ఐటీఐకి 10,000 చొప్పున భోజనం, హాస్టల్ ఖర్చు కోసం తల్లి ఖాతాలో వేసేలా దాన్ని తయారు చేశారు. దాని అమలు మీద, పార్టీల మధ్య దాని గొడవ మీద మాట్లాడుకోవాలంటే చాలా ఉంది. కానీ ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి. ఫీజు వేరు, వసతి వేరు అని ఒక ప్రభుత్వం రెండు పద్దులుగా రాసుకుంది. అసలు చర్చ అక్కడి నుంచి మొదలవ్వాలి.

మంచం ఎందుకు ఇంత ఖరీదు?

తప్పంతా హాస్టల్ మాలిక్‌లదే అంటే అన్యాయం అవుతుంది. చాలామందికి బిల్డింగ్ సొంతం కాదు. నెలకు లక్షల్లో కిరాయికి తీసుకుని నడుపుతారు. కమర్షియల్ గ్యాస్ సిలిండర్, వంటమనిషి జీతం, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్లు, ఖాళీగా ఉన్న మంచాల నష్టం, అన్నీ అదే రేటులో కలుస్తాయి.

పెద్ద కారణం వేరే ఉంది. ఒకే మంచానికి ముగ్గురు పోటీ పడుతున్నారు. కాలేజీ పిల్లలు, కోచింగ్‌కు వచ్చినవాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు. జీతం వచ్చేవాడు కట్టగలిగే రేటే అందరికీ రేటు అవుతుంది. ఐటీ అంతా నగరానికి పడమర వైపు పెరిగింది కాబట్టి ఆ వైపు కిరాయిలు ముందు పరుగెత్తాయి, వాటి వెనక మిగతా ఏరియాలు నడుస్తున్నాయి. ఇంజినీరింగ్ కాలేజీలేమో మొయినాబాద్, ఘట్‌కేసర్, ఇబ్రహీంపట్నం, మేడ్చల్ లాంటి శివార్లలో ఉన్నాయి. కాలేజీ ఒక చోట, హాస్టల్ ఇంకో చోట, కోచింగ్ మరో చోట.

యూనివర్సిటీ హాస్టళ్లు దీనికి మందు. 1918లో పుట్టిన ఉస్మానియా, 1974లో వచ్చిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ, ఈ మూడింట్లోనూ క్యాంపస్ హాస్టళ్లు ఉన్నాయి. అక్కడ మంచం దొరికిన పేద పిల్లల ఖర్చు బయటివాళ్ల ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. కానీ వాటి చుట్టూ వందల ప్రైవేటు కాలేజీలు పెరిగాయి, ఆ కాలేజీల పిల్లలకు ఆ హాస్టళ్లలో చోటు ఉండదు.

జీఎస్టీ గురించి ఒక మాట. బీకాం చదివినవాణ్ని కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. 2023లో కర్ణాటక అడ్వాన్స్ రూలింగ్ అథారిటీ హాస్టళ్లు, పీజీలకు 12 శాతం జీఎస్టీ పడుతుందని చెప్పడంతో అందరూ భయపడ్డారు. తర్వాత 2024 జూన్ 22న జీఎస్టీ కౌన్సిల్ దీనికి మినహాయింపు సిఫారసు చేసింది. మనిషికి నెలకు 20,000 లోపు ఉండి, వరుసగా కనీసం 90 రోజులు ఉండేవాళ్ల వసతికి జీఎస్టీ లేదు. కాబట్టి 6,500 హాస్టల్‌లో సంవత్సరం ఉండబోయే విద్యార్థి బిల్లులో 'జీఎస్టీ ఎక్స్‌ట్రా' అని రాస్తే ఎందుకని అడగండి.

మనకు ఇంకో రేటు

ఇప్పటిదాకా చెప్పింది ఏ పేద ఇంటికైనా వర్తిస్తుంది. ముస్లిం విద్యార్థికి దీని మీద ఇంకో భారం ఉంది. పేరు చెప్పగానే ఫోన్‌లో గొంతు మారడం, 'ఇప్పుడే గది వేరేవాళ్లకు ఇచ్చేశాం' అనడం, 'మా బిల్డింగ్‌లో నాన్‌వెజ్ లేదు' అనడం. ఇవి మన పిల్లలకు కొత్త కాదు. ఇది ఒట్టి అనుమానం అనేవాళ్లకు ఒక పరిశోధన గుర్తు చేయాలి. సుఖదేవ్ థోరాట్, ఆయన సహ పరిశోధకులు ఢిల్లీ, దాని చుట్టుపక్కల నగరాల్లో కిరాయి ఇళ్ల మీద చేసిన అధ్యయనం 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది. ఇల్లు అడిగినవాళ్ల కులం, మతం బట్టి జవాబు మారుతోందని, దళితులకు తిరస్కారం ఎదురవుతోందని, ముస్లింలకు అది ఇంకా ఎక్కువగా ఉందని ఆ అధ్యయనం తేల్చింది. హైదరాబాద్ ఢిల్లీ కాదు. ఇక్కడ కలిసి బతికిన చరిత్ర ఉంది, ఏ ప్రశ్నా అడగకుండా గది ఇచ్చే హిందూ మాలిక్‌లు చాలామంది ఉన్నారు. అయినా తిరస్కారం లేదని చెప్పలేం.

దాని ఫలితం డబ్బు రూపంలో కనిపిస్తుంది. పిల్లలు తిరిగి తిరిగి చివరకు మెహదీపట్నం, టోలీచౌకి, మలక్‌పేట, సంతోష్‌నగర్ వైపే గది తీసుకుంటారు. కాలేజీ ఘట్‌కేసర్‌లో ఉన్నా సరే. రోజూ రెండు మూడు గంటలు బస్సుల్లో పోతాయి. పోటీ ఎక్కువ కాబట్టి ఆ ఏరియాల్లోనూ కిరాయి పెరుగుతుంది. కాలేజీ దగ్గర మామూలు హాస్టల్‌లో ఉంటే వేరే ఇబ్బంది. మాంసం హలాలో కాదో అడగడానికి పిల్లలు మొహమాటపడతారు, ఆ రోజు పెరుగన్నంతో సరిపెట్టుకుంటారు. రంజాన్‌లో సహరీ వేళకు వంటగది తెరవరు. ఇఫ్తార్‌కు బయట కొనాలి. హాస్టల్‌కు పూర్తి డబ్బు కట్టి మళ్లీ బయట తిండికి ఖర్చు పెట్టడం అంటే నెలకు ఇంకో వెయ్యి, రెండు వేలు.

మన వైపు కూడా ఒక మాట అనుకోవాలి. మన మొహల్లాల్లో మన మాలిక్‌లే 'బ్యాచిలర్లకు ఇవ్వం' అని బోర్డు పెడతారు. జిల్లా నుంచి వచ్చిన అబ్బాయి నమాజీ అయినా, మార్కులు బాగా ఉన్నా, ఆ బోర్డు ముందు అందరూ ఒకటే. నలుగురు ఆడపిల్లలు కలిసి ఒక పోర్షన్ అడిగితే ఇంకా కష్టం, 'జవాబుదారీ ఎవరిది?' అంటారు. పక్కవాళ్లు మనకు తలుపు మూశారని బాధపడే మనం, మన పిల్లలకు మన తలుపు ఎంత తెరిచామో కూడా చూసుకోవాలి.

ముందు ఆగేది ఆడపిల్ల చదువు

ఇంట్లో ఇద్దరు పిల్లలు చదువుతున్నారు, ఒక్కరికే హాస్టల్ పెట్టగలరు అనుకుందాం. ఎవరిని పంపుతారో మనందరికీ తెలుసు. అబ్బాయి అయితే ఎక్కడో సర్దుకుంటాడు, స్నేహితుల గదిలో నేల మీద పడుకుంటాడు, సాయంత్రం డెలివరీ పని చేస్తాడు. అమ్మాయికి ఆ దారులు లేవు. భద్రత ఉన్న చోటు కావాలి, అది ఖరీదు. అందుకే 'దగ్గర్లో ఏ డిగ్రీ ఉంటే అది చేయి' అంటారు. దగ్గర్లో ఏదీ లేకపోతే సంబంధాలు చూడటం మొదలవుతుంది.

ఇక్కడ ఒక పెద్ద ఖాళీ ఉంది. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు రెండు వందలకు పైగా ఉన్నాయి, వాటిలో దాదాపు సగం బాలికలవి. అయిదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఉచిత తిండి, ఉచిత వసతి. బీద ఇళ్ల ఆడపిల్లలు వేల సంఖ్యలో ఇంటర్ దాకా వచ్చింది వీటి వల్లే. ఇంటర్ పాసైన రోజు ఆ మంచం పోతుంది. ఎనిమిదేళ్లు హాస్టల్‌లో చదివిన పిల్ల 17, 18 ఏళ్లకు, అసలు చదువు మొదలయ్యే సమయంలో, నెలకు 6,500 లెక్క ముందు నిలబడుతుంది. సోషల్ వెల్ఫేర్ గురుకుల సొసైటీ ఈ ఖాళీని ముందే గుర్తించి దళిత అమ్మాయిల కోసం రెసిడెన్షియల్ డిగ్రీ కాలేజీలు పెట్టింది. మైనారిటీ అమ్మాయిలకూ ఆ స్థాయిలో రెసిడెన్షియల్ డిగ్రీ కావాలి. ఇది అడగడానికి కొత్త సిద్ధాంతం అక్కర్లేదు, పక్క శాఖ చేసిన పనే చూపిస్తే చాలు.

మధ్యలో ఒక మంచి మార్పు కూడా వచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. దీనివల్ల మంచం లెక్క మారింది. కాలేజీ పక్కనే 7,500 కట్టే బదులు, నేరుగా బస్సు ఉన్న చోట 5,500కు ఉండొచ్చు. షాద్‌నగర్, సంగారెడ్డి, భువనగిరి లాంటి ఊళ్ల అమ్మాయిలు ఇంటి నుంచే రోజూ వచ్చి పోవచ్చు. అలసట ఉంటుంది కానీ చదువు ఆగదు. అయితే ఈ సౌకర్యం తెలంగాణ వాళ్లకే. కర్నూలు, కడప నుంచి వచ్చిన అమ్మాయికి హైదరాబాద్‌లో టికెట్ తప్పదు. మెట్రో మీద ఆధారపడేవాళ్లు 2025 మేలో చార్జీలు పెరిగిన విషయం గుర్తుంచుకోవాలి, గరిష్ఠ టికెట్ 60 నుంచి 69 అయింది. ఎంఎంటీఎస్ లైన్ మీద గది దొరికితే ఇప్పటికీ అదే అన్నిటికంటే చవక.

ఇతరులు వందేళ్ల కిందే కట్టారు

హైదరాబాద్‌లో ఈ సమస్య కొత్తది కాదు. నిజాం కాలంలో పల్లెల నుంచి నగరానికి చదువు కోసం వచ్చిన తెలుగు పిల్లలకు ఉండటానికి చోటు లేదు. నగర కొత్వాల్‌గా పేరొందిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో 1918లో రెడ్డి హాస్టల్ మొదలైంది. అక్కడ ఉండి చదివినవాళ్లలో రావి నారాయణరెడ్డి లాంటివాళ్లు ఉన్నారు. కాచిగూడలో మున్నూరు కాపు విద్యార్థి వసతి గృహం కూడా అలా ఒక సమాజం తన పిల్లల కోసం కట్టుకున్నదే. ఉత్తరాదిన అలహాబాద్‌లో మౌల్వీ సమీవుల్లా ఖాన్ 1892లోనే ముస్లిం బోర్డింగ్ హౌస్ పెట్టారు. వీళ్లందరికీ అర్థమైన విషయం ఒకటే. ఊళ్లో ఉన్న పిల్లవాడికి పట్నంలో ఒక మంచం ఇస్తే, మిగతా దారి వాడే వెతుక్కుంటాడు.

మన దగ్గర ఆస్తి లేదా? తెలంగాణలో వక్ఫ్ భూములు 77,538 ఎకరాలని, అందులో 57,000 ఎకరాలకు పైగా ఆక్రమణలో ఉన్నాయని వక్ఫ్ బోర్డు లెక్కలే చెబుతూ వచ్చాయి. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక దేశంలోని వక్ఫ్ ఆస్తుల నుంచి ఏడాదికి సుమారు 163 కోట్లే వస్తోందని, సరిగ్గా వాడుకుంటే 12,000 కోట్ల దాకా రావచ్చని అంచనా వేసింది. ఆ తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు గడిచాయి. 2025లో వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది, దాని మీద కేసులు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. కోర్టు విషయాలు కోర్టులో తేలతాయి. కానీ కబ్జాలో లేని, వివాదం లేని ఆస్తి మన చేతిలో కొంతైనా ఉంది. కాలేజీలకు దగ్గరగా ఉన్న అలాంటి ఒక్కో ఆస్తి మీద ఆడపిల్లల హాస్టల్ పెట్టమని బోర్డును, ముతవల్లీలను అడగవచ్చు. ఇదొక దీర్ఘకాలపు పని.

అప్పటిదాకా ఒక చిన్న లెక్క చూడండి. ఒక మొహల్లాలో 100 ఇళ్లు నెలకు 300 రూపాయల చొప్పున ఇస్తే నెలకు 30,000 అవుతుంది. ఒక్కో అమ్మాయికి హాస్టల్‌లో 3,000 చొప్పున సాయం చేస్తే పది మంది అమ్మాయిలకు దాదాపు సగం ఖర్చు తీరుతుంది. 300 రూపాయలు అంటే రోజుకు పది. బిల్డింగ్ కట్టక్కర్లేదు, కమిటీ ఎన్నికలు అక్కర్లేదు. డబ్బు నేరుగా హాస్టల్‌కు కట్టి రసీదు తీసుకుని మస్జిద్ నోటీసు బోర్డు మీద లెక్క పెడితే చాలు.

జకాత్ విషయంలో ఒక జాగ్రత్త. జకాత్ సొమ్ముతో బిల్డింగ్ కట్టడం సరైనదా కాదా అన్నదానిలో ఉలమాల మధ్య అభిప్రాయ భేదం ఉంది. హక్కుదారు చేతికి ఆ సొమ్ము సొంతంగా అందాలని హనఫీ ఆలిములు చెబుతారు. అర్హత ఉన్న పేద విద్యార్థికి నేరుగా ఇస్తే ఆ ఇబ్బంది రాదు, ఆ డబ్బుతో తను హాస్టల్ కట్టుకుంటుంది. బిల్డింగ్, మరమ్మతులు, పరుపులు లాంటివి సదఖా, అతియా సొమ్ముతో చేయవచ్చు. మీ మస్జిద్ ఇమామ్ సాబ్‌ను, మీరు నమ్మే ఆలిమ్‌ను అడిగి తేల్చుకోండి. రంజాన్‌లో ఇచ్చే జకాత్‌లో కొంత భాగాన్ని జూన్, జూలైలో హాస్టల్ అడ్వాన్స్‌ల కోసం పక్కన పెడితే, ఆ డబ్బు సరిగ్గా అవసరమైన వేళకు అందుతుంది.

సర్కారును ఏం అడగాలి?

మొదటిది, మెయింటెనెన్స్ రేటు నిజమైన ఖర్చుకు దగ్గరగా ఉండాలి. తన హాస్టల్‌లో భోజనానికే 2,100 అని ఒప్పుకున్నప్పుడు, బయట ఉండే విద్యార్థికి అంతకంటే తక్కువ ఇవ్వడంలో న్యాయం లేదు. రెండోది, ఇంటర్ తర్వాత మైనారిటీ అమ్మాయిలకు రెసిడెన్షియల్ డిగ్రీ. మూడోది, ప్రైవేటు హాస్టళ్ల మీద స్పష్టమైన చట్టం. తమిళనాడు 2014లోనే మహిళలు, పిల్లల హాస్టళ్ల నియంత్రణకు చట్టం తెచ్చింది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. ఇక్కడ కిరాయిల వ్యవహారం ఇప్పటికీ 1960 నాటి చట్టం చుట్టూ తిరుగుతోంది. ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలల కిరాయి మించకూడదని కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం చెబుతుంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది.

ఇప్పుడే వెతుకుతున్నవాళ్లకు

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడే హాస్టల్ లెక్క వేసుకోండి. క్యాంపస్ హాస్టల్ ఉన్న కాలేజీలో రెండో ఇష్టమైన బ్రాంచి, హాస్టల్ లేని కాలేజీలో మొదటి ఇష్టమైన బ్రాంచి కంటే మీ ఇంటికి మేలు కావచ్చు. నాలుగేళ్ల మొత్తం ఖర్చు కాగితం మీద రాసి పోల్చండి.

బీసీ-ఈ సర్టిఫికెట్ ఉన్నవాళ్లు బీసీ పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లకు కూడా దరఖాస్తు చేయాలి. చాలామంది 'అది మనకు కాదు' అనుకుని వదిలేస్తున్నారు. జిల్లా మైనారిటీ సంక్షేమ ఆఫీసులో, బీసీ సంక్షేమ ఆఫీసులో రెండు చోట్లా అడగండి. ఆదాయ, కుల సర్టిఫికెట్లు అడ్మిషన్ల కంటే ముందే తీసి పెట్టుకోండి.

ప్రైవేటు హాస్టల్ అయితే ఫొటోలు చూసి అడ్వాన్స్ పంపవద్దు. ఇంట్లో ఒకరు వెళ్లి చూడాలి, వీలైతే రాత్రి భోజనం వేళ. అక్కడ ఉన్న పిల్లలతో మాట్లాడితే నీళ్లు, తిండి, వార్డెన్ సంగతి పది నిమిషాల్లో తెలుస్తుంది. మెట్లు ఒకటే ఉన్నాయా, బయటికి ఇంకో దారి ఉందా, వంటగది సిలిండర్లు ఎక్కడ పెట్టారు, ఇవి తప్పక చూడండి. 2024 జూలైలో ఢిల్లీ ఓల్డ్ రాజేంద్ర నగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి నీళ్లు వచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. కాబట్టి బేస్‌మెంట్ గది ఎంత చవకైనా వద్దు.

అడ్వాన్స్ ఎంత, అందులో తిరిగి ఇచ్చేది ఎంత, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలి, సెలవుల నెలలో ఎంత కట్టాలి, ఈ నాలుగూ రసీదు మీదనో, కనీసం వాట్సాప్‌లోనో రాయించుకోండి. డబ్బు యూపీఐలో కట్టండి, రుజువు ఉంటుంది. అడ్వాన్స్ ఇవ్వకుండా సతాయిస్తే 1915 నంబర్ నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల లోపు కేసులకు అక్కడ ఫీజు లేదు. రంజాన్ సంగతి, హలాల్ సంగతి చేరకముందే మర్యాదగా అడిగేయండి. ఐదారుగురు రోజా ఉండే పిల్లలు కలిసి అడిగితే సహరీకి డబ్బా కట్టి ఇచ్చే మాలిక్‌లు ఉంటారు.

నగరంలో ఇల్లు ఉన్న పాఠకులకూ ఒక విన్నపం. పైన ఒక గది ఖాళీగా ఉంటే, ఈ జూన్‌లో ఆ 'బ్యాచిలర్లకు ఇవ్వం' బోర్డు తీసేసి, ఇద్దరు విద్యార్థులకు న్యాయమైన కిరాయికి ఇవ్వండి. ఆధార్, కాలేజీ ఐడీ, తల్లిదండ్రుల నంబర్ తీసుకోండి, అగ్రిమెంట్ రాసుకోండి. అది ఖైరాత్ కాదు, మీ కిరాయి మీకు వస్తుంది. ఏ జిల్లాలోనో ఒక ఇంట్లో చదువు ఆగకుండా ఉంటుంది.